గంటకు బెత్తెడు

బ్లాక్‌టౌన్,
22 ఆగస్టు 1999

చైత్రా,

కవరు బరువు పెరగకుండా ఎన్ని ఆశీస్సులు పడతాయో అన్నీ పంపుతున్నాను. మిగిలినవి నేను వచ్చాక.

మీ మామయ్య ఇల్లు బాగుంది. అద్దంలా ఉంటుంది, చెయ్యి వేస్తే మరక పడుతుందన్న భయంతో నేను చేతులు కట్టుకునే తిరుగుతున్నాను. రాజారావు తెల్లారకముందే రైలెక్కి సిడ్నీ వెళ్ళి, ఒక బ్యాంకు కంప్యూటర్లలో రెండంకెలుగా ఉన్న సంవత్సరాలను నాలుగంకెలు చేస్తాడు. వాణ్ణి అంత చదివించింది చివరికి 99 ముందు 19 అతికించడానికా అని అడిగితే, "అమ్మా, ప్రపంచమంతా ఇదే పని" అన్నాడు. మీ అత్త కూడా ఆఫీసుకు పోతుంది. కాకినాడలో నువ్విప్పుడు చదువుతున్న ఆ కాలేజీలోనే ఫిజిక్స్ శాఖ మొత్తం నా కనుసన్నల్లో నడిచేది. ఇక్కడ నా అధికారం కెటిల్ మీద. దానికీ నా అజమాయిషీ అక్కర్లేదు, మరిగాక తనే ఆగిపోతుంది.

సరే, ఆకాశం సంగతి అడిగావు. ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపున నడుస్తాడు. ఎదురుగా నిలబడితే కుడి నుంచి ఎడమకు పోతాడు. మధ్యాహ్నం పెరట్లో నా నీడ దక్షిణానికి పడుతోంది. చంద్రుడిలో కుందేలు తలకిందులుగా వేలాడుతోంది. నిజానికి తలకిందులైంది కుందేలు కాదు, గోళం అవతలి పక్కకు వచ్చి నిలబడ్డ మీ అమ్మమ్మ. ఇంకొకటి: భూమి తిరుగుతున్నప్పుడు నువ్వు కూర్చున్న కాకినాడ గంటకు పదహారు వందల కిలోమీటర్ల వేగంతో పోతోంది. బ్లాక్‌టౌన్ భూమధ్యరేఖకు దూరం కాబట్టి పద్నాలుగు వందల లోపే. పింఛను తీసుకునేవాళ్ళకు ఈ వేగం చాలు.

ఇక నువ్వు రెండుసార్లు గుర్తు చేసిన ప్రశ్న, భూమి తిరగడం వల్ల ఇక్కడ నీళ్ళ సుడి ఎటు తిరుగుతుందని. వాష్‌బేసిన్ నిండా నీళ్ళు పట్టి బిరడా లాగాను. నా కళ్ళతో చూశాను: సుడి గడియారం ముల్లు తిరిగే వైపే తిరిగింది. మన దగ్గర దానికి ఎదురు తిరగాలి. ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద సుద్దముక్కతో తిప్పిన సుడిని నీళ్ళలో చూసేసరికి, బేసిన్ ముందు నిలబడి నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను. మీ అత్త తలుపు కొట్టి, "అత్తయ్యా, బానే ఉన్నారా?" అంది.

నైలాన్ దుప్పటి లాగితే చీకట్లో మెరుపులు వస్తున్నాయి. అది ఇంకో ఉత్తరానికి.

నీ అమ్మమ్మ,
జ్ఞానప్రసూన, ఎమ్మెస్సీ (ఇక్కడెవరూ అడగరు, కనీసం నువ్వైనా చదువు)


కాకినాడ,
12 సెప్టెంబర్ 1999

అమ్మమ్మా,

నీ ఉత్తరం క్లాసులో చదివేశాను. రామానుజం మాస్టారు ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ గోడ మీద ఉన్న నీ ఫొటో వైపు చెయ్యి చూపించి, "ఆవిడ అన్నారంటే ఇక తిరుగులేదమ్మా" అన్నారు. సుడి తిరుగుతుంది కదండీ అని వెనక బెంచీ వాళ్ళు నవ్వారనుకో.

అసలు సంగతి విను. డిసెంబర్లో రాజమండ్రిలో జూనియర్ కాలేజీలకు సైన్స్ ప్రదర్శన. మాస్టారికీ నాకూ ఒకేసారి ఆలోచన వచ్చింది: ఉత్తరార్ధగోళంలో సుడిని ఇక్కడ నేను టబ్బులో చూపిస్తాను, దక్షిణార్ధగోళానికి సాక్ష్యంగా నీ ఉత్తరం బోర్డుకి అంటిస్తాను. ఒకే ఇంటివాళ్ళు రెండు గోళాల నుంచీ చేసిన ప్రయోగం ఎవరి దగ్గరుంటుంది చెప్పు?

ఇది నాకు ఎందుకంత ముఖ్యమో నీకు చెప్పాలి. నాన్న నన్ను ఇంటర్ అయ్యాక హైదరాబాదు పంపి అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేయిస్తానంటున్నారు. జనవరి నెలాఖరులోగా పేరు ఇవ్వాలట. నేను బి.ఎస్సీ. ఫిజిక్స్ అంటే, "ద్వారకానాథ్ కూతురు బల్ల తుడిచే ఉద్యోగం చెయ్యాలా?" అన్నారు. బల్ల అంటే బ్లాక్‌బోర్డు. నువ్వు చేసిన ఉద్యోగమే అని అమ్మ గుర్తు చేస్తే కాస్త తగ్గారు. ఈ ప్రాజెక్టు బాగా వస్తే మాస్టారు ఇంటికొచ్చి నాన్నతో మాట్లాడతానన్నారు.

కాబట్టి వివరాలు పంపు. ఎన్నిసార్లు చేశావు? బేసిన్ వెడల్పెంత? ప్రతిసారీ అటే తిరిగిందా?

చైత్ర


బ్లాక్‌టౌన్,
3 అక్టోబర్ 1999

చైత్రకు,

నా ఫొటో ఇంకా గోడ మీదే ఉందన్నమాట. దాని మీది దుమ్ము తుడిపించు.

బేసిన్ వెడల్పు రెండు జానలు. ఎన్నిసార్లని అడిగావు. చాలినన్ని. సరైన ఫలితం వచ్చాక మళ్ళీ మళ్ళీ చేయడం అనుమానపు మనుషుల లక్షణం. నీ వైపు ప్రయోగం నువ్వు జాగ్రత్తగా చెయ్యి. తేడా వస్తే ముందు నీ చేతిని అనుమానించు, తరవాత టబ్బును, ఆ తరవాతే భూమిని.

పోయిన ఆదివారం యోగానంద్ అని, మీ మామయ్య స్నేహితుడు, ఇంట్లో బార్బీకి పిలిచాడు. బార్బీ అంటే బొమ్మ అనుకుని వెళ్ళాను. పెరట్లో ఇనుప పలక మీద మాంసం కాల్చడం. మనకు విడిగా ఒక మూల మొక్కజొన్న, పనీరు పెట్టారు. అక్కడున్న వాళ్ళందరూ ఇంజనీర్లే, ఒక డాక్టరు. నీ ప్రాజెక్టు సంగతి చెప్పాను. గౌరవంగా విన్నారు. వాళ్ళింట్లో బట్టలుతికే తొట్టె మాత్రం బాగా కట్టలేదు.

మా పక్కింట్లో లతీఫా అనే హైదరాబాదు ఆవిడ ఉంది. వాళ్ళాయన నజీముద్దీన్ గారికి స్టేషన్ దగ్గర మసాలాల కొట్టు. ఈ దేశంలో నన్ను ఆంటీ అనకుండా "టీచరమ్మా" అని పిలిచేది ఆవిడ ఒక్కతే. అందుకే రోజూ వాళ్ళింటికి టీకి పోతున్నాను. టీ కలిపితే ఆకు అంచుకు పోకుండా గిన్నె మధ్యకు ఎందుకు చేరుతుందని ఆవిడ అడిగింది. అడుగున నీరు గిన్నెకు రాసుకుని నెమ్మదిస్తుంది, నెమ్మదించిన నీరు లోపలికి జరుగుతూ ఆకును తీసుకొస్తుంది అని చెప్పాను. విని, "మా అత్త కూడ గంతే, నెమ్మదైనంక ఇంటి నడుమకొచ్చి కూసుంది" అంది.

మీ నాన్నతో తగువు పెట్టుకోకు. ఫలితం చూపించు, చాలు.

అమ్మమ్మ


కాకినాడ,
14 నవంబర్ 1999

అమ్మమ్మా,

నీకు అబద్ధం చెప్పను, నా టబ్బు నా మాట వినడం లేదు.

అడుగున కన్నం పెట్టించి, సీసా బిరడా బిగించి, మధ్యలో అగ్గిపుల్ల ముక్క తేలేసి చేస్తున్నా. ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఒక్కోసారి అసలు తిరగదు, అగ్గిపుల్ల నన్ను చూస్తూ అలాగే కిందకి పోతుంది. కుళాయి ఉండేది గంట సేపే కదా, అమ్మ నా సుడి నీళ్ళన్నీ బకెట్లో పట్టి గుడ్డలుతుకుతోంది.

ఈలోగా ఒరిస్సా తుఫాను వచ్చింది. పేపర్లో ఉపగ్రహం తీసిన బొమ్మ వేశారు. అంతమంది పోయిన తుఫాను బొమ్మని ఇలా చూస్తున్నందుకు సిగ్గేసింది కానీ, చూడకుండా ఉండలేకపోయాను. గడియారానికి ఎదురుగా తిరుగుతోంది, నువ్వు చెప్పినట్టే. అప్పుడు ఒకటి అనిపించింది. తుఫాను వందల కిలోమీటర్లు, రోజుల తరబడి ఉంటుంది. భూమి దాన్ని తిప్పడానికి సమయం దొరుకుతుంది. నా టబ్బు రెండు నిమిషాల్లో ఖాళీ. అంతలో భూమి ఎంత తిరుగుతుంది? నీళ్ళు పోసేటప్పుడు నా చెయ్యి ఇచ్చిన ఊపే ఎక్కువ కాదా?

కానీ నువ్వు కళ్ళతో చూశావు. అందుకని ఈ ఆలోచన తప్పని వదిలేశాను. నువ్వు రాసినట్టు నా చేతినే అనుమానించాను. కుడి అంచు మీంచి నీళ్ళు పోస్తే ప్రతిసారీ సరిగ్గా తిరుగుతోందని కనిపెట్టాను. మాస్టారు ప్రదర్శన రోజున అలాగే పొయ్యమన్నారు. తేడా వచ్చినవి చార్టులో రాయలేదు.

ఒక్క మాట. నా చేతులు ఇంత మొద్దువైతే మూడేళ్ళు ల్యాబులో ఏం చేస్తాను? కంప్యూటర్ అయితే ఎవరు నొక్కినా ఒకేలా పని చేస్తుంది. నాన్న చెప్పిందే మేలేమో అనిపిస్తోంది. ప్రదర్శన అయ్యాక పేరు ఇచ్చేస్తానన్నాను.

చైత్ర


బ్లాక్‌టౌన్,
5 డిసెంబర్ 1999

చైత్రా,

నీ ఉత్తరం అందిన రోజే ఫోన్ చేశాను. మీ మామయ్య ఫోన్ కార్డు పట్టుకుని పక్కన నిలబడ్డాడు, మీ అత్త కూర తరుగుతూ వింటోంది. అందుకని ఇక్కడ మామిడిపళ్ళు వచ్చాయని చెప్పాను, మీ అమ్మ మోకాలి గురించి అడిగాను, చివరకు నీతో "నీ చేతుల్లో ఏ లోపమూ లేదు" అన్నాను. నువ్వు "థాంక్స్ అమ్మమ్మా" అన్నావు. నేను చెప్పదలచింది అది కాదు. లేదా అదే, కానీ సగమే.

ఇప్పుడు మొత్తం రాస్తున్నాను. నెమ్మదిగా చదువు.

ఆగస్టులో బేసిన్ నింపి బిరడా లాగినప్పుడు, మొదటిసారి సుడి అటు కాదు, ఇటు తిరిగింది. కాకినాడలో తిరగాలని నేను చెప్పిన వైపు. నీళ్ళు సరిగ్గా నిలవలేదు అనుకున్నాను. రెండోసారీ ఇటే. బిరడా వంకరగా లాగాను అనుకున్నాను. ఆ తరవాత ఒకసారి అటు తిరిగింది. అదిగో, అప్పుడే చప్పట్లు కొట్టాను. అక్కడితో ఆపేసి, చెయ్యి తుడుచుకుని నీకు ఉత్తరం రాశాను. చూశానని రాశాను. చూసిన మాట నిజమే. చూసిన మిగతావి రాయలేదు.

యోగానంద్ ఇంట్లో ఏం జరిగిందో కూడా రాయలేదు. నీ ప్రాజెక్టు గురించి గొప్పగా చెప్పి, అందరినీ బట్టలుతికే తొట్టె దగ్గరకు నడిపించుకెళ్ళాను. చేతుల్లో కాగితం పళ్ళాలతో చుట్టూ నిలబడ్డారు. నీళ్ళు ఇటు తిరిగాయి. మళ్ళీ పట్టాను. అసలు తిరగకుండా గుడగుడమని దిగిపోయాయి. మూడోసారికి ఉల్లిపాయ ముక్క అడ్డుపడింది. ఎవరైనా నవ్వితే ఎంత బాగుండేదో. యోగానంద్, "ఇట్స్ ఓకే ఆంటీ, మా ఇంట్లో డ్రైన్ డిజైనే అంత" అన్నాడు. డాక్టరు గారి భార్య నా మోచెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది, ఒళ్ళు తూలినవాళ్ళను కూర్చోబెట్టినట్టు. దారిలో మీ మామయ్య కారులో పాటలు పెట్టాడు, మాట్లాడే అవసరం రాకుండా. ఆ తరవాత వారానికి నీకు "చాలినన్ని సార్లు" అని రాశాను.

నీ తుఫాను మాటే సరైనది. లెక్క కట్టి చూశాను, ఆ పని ముప్పై ఏళ్ళ కిందటే చేయాల్సింది. భూమధ్యరేఖకు దగ్గరున్న అంచు కాస్త వేగంగా పోతుంది, దూరంగా ఉన్న అంచు కాస్త నెమ్మదిగా. తుఫానుకు ఆ రెండు అంచుల మధ్య వందల కిలోమీటర్లు, అందుకే తిరుగుతుంది. మా బేసిన్ ఈ అంచుకూ ఆ అంచుకూ మధ్య తేడా ఎంతో తెలుసా? గంటకు బెత్తెడు. నాలుగు వేళ్ళ వెడల్పు. నేను కుళాయి కట్టేటప్పుడు వదిలిన ఊపిరికి కూడా అది సాటి రాదు. పాఠ్యపుస్తకంలో ఉంది కాబట్టి చెప్పాను. చెప్పాను కాబట్టి చూడాలనుకున్నాను.

చేతిని, టబ్బును, భూమిని అనుమానించమని నీకు రాశాను. నన్ను అనుమానించమని మాత్రం ఎక్కడా రాయలేదు, గమనించావా?

నీ టబ్బు నీకు నిజమే చెప్పింది. నా ఉత్తరం కోసం నువ్వు దాని నోరు నొక్కావు. కుడి అంచు మీంచి పొయ్యకు. తేడా వచ్చినవన్నీ చార్టులో రాయి. నా ఉత్తరం బోర్డు నుంచి తీసెయ్యి. నీవి మొద్దు చేతులు కావు. ఈ ఒక్కదానికీ నేను ప్రయోగం చేయక్కర్లేదు.

అమ్మమ్మ


కాకినాడ,
20 డిసెంబర్ 1999

అమ్మమ్మా, అమ్మమ్మా,

మొదటి బహుమతి! మొన్న శనివారం రాజమండ్రిలో. స్టీలు పళ్ళెం, సర్టిఫికెట్టు. జనవరిలో హైదరాబాదులో రాష్ట్రస్థాయికి వెళ్ళాలి.

నీ దగ్గర నుంచి ఉత్తరమేదీ రాలేదు కానీ, ఫోన్లో నువ్వన్న మాటే నాకు చాలింది. "నీ చేతుల్లో ఏ లోపమూ లేదు" అన్నావు కదా. ప్రయోగం చేస్తున్నంతసేపూ అదే తలుచుకున్నాను. కుడి అంచు మీంచి పోశాను, ఒక్కసారి కూడా తప్పలేదు. ఒక జడ్జి గారు కళ్ళజోడు పైకి నెట్టి, "దక్షిణార్ధగోళం సంగతి ఎవరు చూశారమ్మా?" అని అడిగారు. "మా అమ్మమ్మ కళ్ళారా చూసింది సార్, ఆవిడ ఫిజిక్స్ హెచ్.ఓ.డి." అన్నాను. ఆయన నీ ఉత్తరం మొత్తం చదివి, కెటిల్ మాట దగ్గర నవ్వి, మార్కులు వేశారు.

నాన్న పళ్ళేన్ని ముందు గదిలో పెట్టారు. మాస్టారు వచ్చి మాట్లాడారు. నాన్న ఇంకా అవుననలేదు, కాదనడం మాత్రం మానేశారు. ఇదంతా నీ వల్లే.

నీ చైత్ర


బ్లాక్‌టౌన్,
4 జనవరి 2000

చైత్రా,

నా డిసెంబర్ ఉత్తరం నీకు అందిందో లేదో తెలియదు. క్రిస్మస్ రద్దీలో ఎక్కడో మూటల కింద పడి ఉంటుంది. నీ ఉత్తరం మాత్రం నిన్న వచ్చింది. మీ మామయ్య దాన్ని గట్టిగా చదివాడు. మీ అత్త పాయసం చేసింది. నేను తిన్నాను.

మళ్ళీ ఫోన్ చేశాను. మీ నాన్న తీశారు. ఇన్నేళ్ళలో మొదటిసారి, "అత్తయ్యగారూ, మీ పోలికే వచ్చింది పిల్లకి" అన్నారు. ఆయనకు ఏం చెప్పను? ఆరోగ్యం జాగ్రత్త అని పెట్టేశాను.

కొత్త సంవత్సరం ఇక్కడికి మీకంటే ముందే వచ్చింది. మీ మామయ్య ఆ రాత్రి బ్యాంకులోనే ఉన్నాడు. దీపాలు ఆరలేదు, విమానాలు పడలేదు, కంప్యూటర్లు 1900 అనుకోలేదు. అనుకుంటే బాగుండునని నాకు అనిపించింది. అప్పటికి నేనింకా పుట్టను, ఈ ఉత్తరాలూ ఉండవు.

లతీఫాతో చెప్పుకున్నాను. అంతా విని ఆవిడ టీ కప్పు కింద పెట్టింది. "చూసిందేదో గదే రాస్తే అయిపోతుండె గదా టీచరమ్మా. పోరి మిమ్మల్ని తక్కువ చేస్తుండెనా?" అంది. చెయ్యదని నాకు తెలుసు. నన్ను నేనే తక్కువ చేసుకున్నాను. ఈ ఇంట్లో నేను ఎవరికీ దేనికీ అక్కర్లేదు, నువ్వొక్కదానివే ఏదో అడిగావు. అడిగినదానికి "తెలియదు" అని రాయడం నాకు చేతకాలేదు.

ముందు ఉత్తరం అందకపోతే ఇది చదివి తెలుసుకో: సుడి ఎటైనా తిరుగుతుంది. నేను దాచాను. హైదరాబాదు వెళ్ళేముందు ఈ మాట మాస్టారికి చెప్పు.

అమ్మమ్మ


కాకినాడ,
9 జనవరి 2000

జ్ఞానప్రసూన గారికి,

మీ డిసెంబర్ 5 ఉత్తరం గురువారం అందింది.

రామానుజం మాస్టారికి చూపించాను. ఆయన చదివి, మడిచి నా చేతికిచ్చి, "ఇప్పుడెందుకమ్మా, రాష్ట్రస్థాయి కూడా అయిపోనీ" అన్నారు. నేను వినలేదు. పళ్ళెం సంచిలో పెట్టుకుని అమ్మతో రాజమండ్రి వెళ్ళి ఆ జడ్జి గారికి ఇచ్చేశాను. నేను కుడి అంచు మీంచి పోసిన సంగతి, చార్టులో రాయని సంగతి కూడా చెప్పాను. ఆయన తిట్టలేదు. "మీ అమ్మమ్మగారు బాగున్నారా?" అని అడిగారు. తల ఊపాను. బస్సులో అమ్మ కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది.

హైదరాబాదుకు వేరే కాలేజీ వెళ్తోంది. నాన్న పళ్ళెం ఉన్నచోట టెలిఫోన్ డైరెక్టరీ పెట్టారు. మా క్లాసులో నన్ను "సుడి" అని పిలుస్తున్నారు.

మీ మొదటి ఉత్తరం బోర్డు మీంచి తీసెయ్యమన్నారు. తీయలేదు. దాని పక్కనే ఈ డిసెంబర్ ఉత్తరం కూడా అంటించాను. డిపార్ట్‌మెంటులో, మీ ఫొటో కింద. చదవాలనుకున్నవాళ్ళు రెండూ చదువుతారు.

నేను తప్పు చేశానని ఒప్పుకుంటాను. కానీ నేను నా కళ్ళని నమ్మడం మానేసింది మీ కోసం. అది మీకు తెలియాలి.

మీరు మళ్ళీ ప్రయోగం చెయ్యండి. పెద్ద తొట్టె తీసుకోండి, నీళ్ళు ఒక రోజంతా కదలకుండా ఉండనివ్వండి. ఏం వస్తుందనుకున్నారో రాయొద్దు. ఏం చూశారో రాయండి.

కె. చైత్ర


బ్లాక్‌టౌన్,
6 ఫిబ్రవరి 2000

చైత్రకు,

నువ్వు "గారు" అని రాసిన కవరు మీ అత్త తెచ్చి ఇచ్చింది. చదివి మడిచి పెట్టాను.

ఉత్తరం ఫొటో కింద అంటించడం సబబే. నేను అక్కడ పని చేస్తున్నప్పుడు ఇలాంటి పని ఎవరైనా చేసి ఉంటే నేనూ అంటించేదాన్ని, ఇంత ధైర్యం ఉండేదో లేదో గానీ. నా దగ్గర చదివిన పిల్లలు ఇప్పుడు అక్కడే లెక్చరర్లుగా ఉన్నారు. వాళ్ళు ఆ రెండు కాగితాల ముందు నిలబడి చదువుతుంటారని తలుచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి. ఎక్కనీ.

ప్రయోగం చేశాను. లతీఫా మనవలు ఎండాకాలం ఆడుకునే ప్లాస్టిక్ ఈతతొట్టె అడిగి తెచ్చాను. మా గ్యారేజీలో పెట్టి, నీళ్ళు నింపి, పైన దుప్పటి కప్పి ఒక రోజు ఉంచాను. మీ మామయ్య కారు వీధిలో పెట్టుకున్నాడు. గ్యారేజీ తలుపు దగ్గర నవ్వకూడదని మీ అత్తకు చెప్పాను. అడుగున సన్నని గొట్టం పెట్టి నీళ్ళను చాలా నెమ్మదిగా వదిలాను. మధ్యలో అగ్గిపుల్ల.

మొదటి రోజు అగ్గిపుల్ల కదలలేదు. కదిలిందేమో, నాకు కనబడలేదు.

రెండో ప్రయత్నంలో గడియారం ముల్లు వైపు కాస్త తిరిగింది. చప్పట్లు కొట్టబోయాను. నీ మాట గుర్తొచ్చి కుర్చీలోంచి లేవలేదు.

మూడోసారి ఎదురు తిరిగింది. లతీఫా టీ తెస్తూ తలుపు తీసింది, గాలి వచ్చింది. గాలి వల్లే తిరిగిందని రాయాలనిపించింది. అది నాకు తెలియదు కాబట్టి రాయడం లేదు. తలుపు తీసింది, ఎదురు తిరిగింది, అంతే.

నాలుగోసారి చేస్తుండగా తొట్టెకు చిల్లు పడింది. పిల్లలకు కొత్తది కొనాలి.

మొత్తం మీద భూమి మా తొట్టెను ఎటు తిప్పుతోందో నాకు తెలియలేదు. ఇంత పెద్ద భూమి తిరుగుతూనే ఉంది, ఆ గంటకు బెత్తెడు ఆ నీళ్ళలో ఉండే ఉంటుంది, దాన్ని చూసే నిలకడ నా గ్యారేజీకి లేదు. "తెలియలేదు" అన్న మాట ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా బల్ల మీద రాయలేదు. ఇప్పుడు రాశాను. కావాలంటే ఇదీ అంటించు.

నీ కోర్సు గురించి అడగను. ఆ హక్కు ప్రస్తుతానికి నాకు లేదు.

జ్ఞానప్రసూన


కాకినాడ,
27 ఫిబ్రవరి 2000

అమ్మమ్మా,

మూడోది కూడా అంటించాను. జాగా చాలక నీ ఫొటో కాస్త పైకి జరపాల్సి వచ్చింది. దుమ్ము నేనే తుడిచాను.

రామానుజం మాస్టారు మూడూ వరసగా చదివి, "ఈ మూడోదే ముందు వచ్చుంటే నేను కుడి అంచు మీంచి పొయ్యమనేవాణ్ణి కాదు" అన్నారు. తరవాత క్లాసుకొచ్చి, ఆ పాఠం తను కూడా ఇన్నాళ్ళూ చూడకుండానే చెప్పానని అన్నారు. వెనక బెంచీ వాళ్ళు నవ్వలేదు. నన్ను ఇంకా "సుడి" అనే అంటున్నారు, దానికి అలవాటు పడ్డాను.

నేను కూడా నా టబ్బుతో మొదటినుంచీ చేశాను. ఒక రాత్రంతా కదలకుండా ఉంచి, అన్నీ రాశాను. అటూ ఇటూ కలిసిపోయాయి. నాకూ తెలియలేదు. అయినా ఈసారి నా చేతుల మీద కోపం రాలేదు.

జనవరి నెలాఖరున నాన్న అమీర్‌పేట కాగితం ముందు పెట్టి పెన్ను ఇచ్చారు. నేను పట్టుకోలేదు. బహుమతి వెనక్కిచ్చిన పిల్లకి ఫిజిక్స్ ఏం ఒరగబెడుతుందని అడిగారు. వెనక్కివ్వడం నేర్పింది ఫిజిక్సేనని చెప్పాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. భోజనాల దగ్గర, "సరే, చదువు. మీ అమ్మమ్మలా కాకుండా చదువు" అన్నారు. అమ్మ గరిటె గట్టిగా పెట్టింది. నాకు మాత్రం నవ్వొచ్చింది, నీకూ వస్తుందనుకుంటున్నాను.

నీ మీద కోపం పోయిందా అంటే, ఇంకా కాస్త ఉంది. గంటకు బెత్తెడు చొప్పున తగ్గుతోంది.

ఒకటి అడగాలి. ఆగస్టు ఉత్తరంలో చంద్రుడిలో కుందేలు తలకిందులుగా ఉందని రాశావు. అది నిజంగా చూశావా, పుస్తకంలో ఉందని రాశావా? జవాబు రాసేముందు బయటికి వెళ్ళి చూడు.

చైత్ర


బ్లాక్‌టౌన్,
19 మార్చి 2000

చైత్రా,

ఉత్తరం చదివి వెంటనే పెరట్లోకి వెళ్ళాను. లతీఫా గోడ అవతల నుంచి ఏం చూస్తున్నారని అడిగితే, కుందేలు అన్నాను. ఆవిడ కూడా వచ్చి నిలబడింది.

మబ్బుగా ఉంది. చంద్రుడు కనబడలేదు.

రేపు చూస్తాను.

అమ్మమ్మ